కథారచనలో ఆశువు

కథారచనా శిబిరాలలో ఈమధ్య ఒక కొత్త పద్ధతి ప్రవేశించింది. కాగితమూ కలమూ పక్కన పెట్టించి, ఇద్దరు ముగ్గురు రచయితలను లేపి నిలబెట్టి, ఒక సందర్భం చెప్పి, ముందుగా ఏమీ అనుకోకుండా అప్పటికప్పుడు మాట్లాడమంటారు. తక్కినవాళ్లు చూస్తారు. ఆ తర్వాత అందరూ కూచొని రాస్తారు. నటులకు శిక్షణ యివ్వడానికి నాటకరంగంవారు వాడుకునే పద్ధతిని రచయితల మీద ప్రయోగించడమేమిటని కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తున్నారు. కథ రాయడం గంభీరమైన పని, గంతులాట కాదు అని వారి వాదన. ఇంకొకవైపు ఈ పద్ధతిని తలకెత్తుకున్న కొందరు యువకులు, ఇక జీవితాన్ని పరిశీలించవలసిన అవసరమే లేదన్నట్టు, నోటికి మొదట వచ్చిన మాటే నిజమైన మాట అని ప్రచారం చేస్తున్నారు. పెద్దల అభ్యంతరానికి పెద్దగా సమాధానం చెప్పనక్కరలేదు. యువకుల ఉత్సాహాన్ని మాత్రం కొంచెం నిదానంగా పరిశీలించాలి. ఎందుకంటే వారు పట్టుకున్న పనిముట్టు మంచిదే. దానికి వారు చెబుతున్న సిద్ధాంతమే తప్పు.

ఆశువు అనగానే తెలుగు పాఠకునికి అవధానం గుర్తుకొస్తుంది. కాబట్టి మొదట ఆ లెక్క తేల్చుకోవాలి. తిరుపతి వెంకటకవులు, అంటే దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి (1870–1950), ఊరూరా అవధానాలు చేసి పద్యాన్ని పండితుల గదులలో నుంచి సభలలోకి తెచ్చారు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు కూచుంటారు. ఒకరు సమస్య యిస్తారు, ఒకరు దత్తపది యిస్తారు, ఒకరు గంటలు కొడుతూ వుంటారు, ఒకరు సంబంధంలేని ప్రశ్నలడిగి ధ్యాస చెడగొడుతూ వుంటారు. వీటిలో నిషిద్ధాక్షరి రచయితలు ఆలోచించదగింది. కవి ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఫలానా అక్షరం రాబోతున్నదని పృచ్ఛకుడు పసిగట్టి దాన్ని నిషేధిస్తాడు. కవి వెంటనే ఇంకొక దారి వెతుక్కోవాలి. అంటే అలవాటైన మాటను నోటిదగ్గరే ఆపివేసే ఏర్పాటు అన్నమాట. అలవాటు మాటలతో నిండిపోయిన మన కథకులకు ఇలాంటి పృచ్ఛకుడు ఒకడు పక్కన కూచుంటే ఎంత బాగుండునో!

అయితే అవధానం మన వచనరచనకు జీవం పోసిందా? పోయలేదనే అంటాను. అవధాని ఆశువు చాలాభాగం ధారణ మీద నిలబడింది. సంస్కృత సమాసాలు, ఉపమానాలు, పురాణ ప్రసంగాలు వేలకొద్దీ కంఠస్థమై వుంటాయి. ఆ గాదెలో నుంచి ఛందస్సుకు సరిపోయేది క్షణంలో తీయగలగడం అసాధారణమైన విద్య. నేను దాన్ని తక్కువ చేయడంలేదు. కాని గాదెలో లేనిది ఆ పద్ధతిలో రాదు. పృచ్ఛకుడు వర్షాన్ని వర్ణించమంటే అవధాని వర్ణించేది కావ్యాలలోని వర్షాన్నే కాని, మొన్న కళ్లంలో ధాన్యం తడిపిన వర్షాన్ని కాదు. అదే తిరుపతి వెంకటకవులు పాండవోద్యోగం వంటి నాటకాలు రాసినప్పుడు పద్యం మాట్లాడింది. చదువురాని ప్రేక్షకుడు కూడా ఆ పద్యాలను నోటికి తెచ్చుకున్నాడు. రెండుచోట్లా కవులు వారే. నాటకంలో ఒక పాత్ర ఇంకొక పాత్రకు జవాబు చెప్పవలసి వచ్చింది, అవధానంలో అది లేదు. నాకు తోచినంతలో తేడా అక్కడ వుంది. ఆశువుకు కావలసింది వేగం కాదు, ఎదుటివాడు.

ఈ ఎదుటివాడి సంగతి మన జానపద కళారూపాలకు బాగా తెలుసు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వచ్చి తన ప్రతాపం చెప్పుకుంటుంటే మాధవి వూరుకోదు. నీ భర్త పేరేమిటని అడుగుతుంది. భర్త పేరు చెప్పడానికి భామకు సిగ్గు. చెప్పకపోతే మాధవి వదలదు. దరువులూ పద్యాలూ నిర్ణయమై వున్నవే; మధ్యలోని ఈ వచనం మాత్రం ఆ రాత్రి, ఆ వూరి జనాన్ని బట్టి పెరిగేది, తరిగేది. భామ అతిశయం మాధవి ప్రశ్నలవల్లనే బయటపడుతుంది. ఆమె తనంతట తాను ఎంత వర్ణించుకున్నా అది వర్ణనగానే మిగులుతుంది.

బుర్రకథలో ఈ ఏర్పాటు ఇంకా స్పష్టం. జంగంకథ, తంబూరా కథ అన్న పేర్లతో వుండిన రూపాన్ని 1940లలో ప్రజానాట్యమండలి తీసుకొని రాజకీయ ప్రచారానికి మలిచింది. మధ్యన కథకుడు తంబూరా భుజాన వేసుకొని, బొటనవేలికి అందె తొడుక్కొని కథ నడుపుతాడు. అటు ఇటు ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తారు. ఒక వంత హాస్యం, ఇంకొక వంత రాజకీయం. ఈ పనివిభజనలో గొప్ప రచనా రహస్యం వుందని నా నమ్మకం. కథకుడు వీరరసంలో తేలిపోతున్నప్పుడు హాస్యగాడు అడ్డుపడి, అతను ఆ గుర్రానికి దాణా ఎవరు పెట్టారు, డబ్బెక్కడిది అన్నట్టు తెలివితక్కువగా కనిపించే ప్రశ్న వేస్తాడు. కథ దెబ్బకు నేలకు దిగుతుంది. రాజకీయం చెప్పేవాడు పాతకథను ఇవ్వాళ్టి ధరలకూ, ఆ వూరి పెత్తందారీతనానికీ ముడివేస్తాడు. వీరిద్దరికీ సమాధానం చెబుతూ కథకుడు మళ్లీ కథలోకి పోవాలి. షేక్ నాజర్ (1920–1997) వంటి కళాకారుడు జనాన్ని గంటలకొద్దీ కూచోబెట్టగలిగాడంటే అందులో గాత్రం పాలు, అభినయం పాలు ఎంతైనా వుండవచ్చు. ఈ అడ్డుప్రశ్నల పాలు కూడా తక్కువది కాదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన నాజర్ చెప్పిన పల్నాటియుద్ధం, బొబ్బిలియుద్ధం విన్నవాళ్లకు ఆ కథల ముగింపు ముందే తెలుసు. తెలిసిన ముగింపుకే కొత్తదారిన నడిపించాడు గనుక విన్నారు.

ఇక్కడ ఒక విచిత్రం కనిపిస్తుంది. అచ్చయిన బుర్రకథలను పుస్తకంగా చదివితే చాలావరకు చప్పగా వుంటాయి. సుంకర సత్యనారాయణ ‘కష్టజీవి’ వంటి రెండు మూడింటిని మినహాయిస్తే, వంతల మాటలు తాళంకోసం వేసినట్టు వుంటాయే తప్ప కథకుణ్ణి నిజంగా ఇబ్బంది పెట్టవు. వేదికమీద వంత అడిగే ప్రశ్న కథకుడికి కూడా కొత్తదే. కాగితంమీద ఆ ప్రశ్న కథకుడు తానే రాసుకున్నది. తాను జవాబు చెప్పగలిగిన ప్రశ్ననే తానే వేసుకుంటాడు మరి! మన అభ్యుదయ కథకు పట్టిన జబ్బు కూడా అచ్చంగా ఇదే.

ఆ జబ్బు సంగతి దాచిపెట్టకుండా చెప్పుకోవాలి. కూలీ వెళ్లి కూలిరేటు పెంచమని అడుగుతాడు. భూస్వామి మీసం మెలేసి, నీకింత పొగరా అంటాడు. కూలీ పిడికిలి బిగిస్తాడు. ఇటువంటి కథలు నేను చదివినవి లెక్కపెట్టలేను. వాటిలో చెప్పిన విషయం అబద్ధమా? కాదు. దోపిడీ నిజం, పోరాటం నిజం. అబద్ధమైనది సంభాషణ. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరూ రెండోవాడి మాట వినరు. ఇద్దరూ రచయిత మాట మాత్రమే వింటున్నారు. రచయితకు ముగింపు తెలుసు. ఆ ముగింపుకు ఆలస్యం కలిగించే ఏ మాటనూ పాత్రల నోట రానివ్వడు. వస్తువు గొప్పదైతే చాలు, శిల్పం దానంతటదే వస్తుందని మనలో కొందరు చాలాకాలం చెప్పుకున్నారు. దానంతటది వచ్చింది పడికట్టు మాట. పాఠకుడు అలాంటి కథను చదివి, అందులోని సత్యాన్ని ఒప్పుకొని, మరుక్షణం మరిచిపోతాడు. ప్రజలపక్షాన నిలబడే సాహిత్యానికి ఇంతకన్న నష్టం ఇంకేముంటుంది?

ఈ స్థితిలో నాటకరంగపు అభ్యాసాలు మనకు ఏమి యివ్వగలవో చూద్దాం. ముందు ఒక పాత ఉదాహరణ. ఇటలీలో కొన్ని శతాబ్దాలపాటు నటబృందాలు సంభాషణలు రాసుకోకుండా నాటకాలు ఆడాయి. కథాక్రమం మాత్రం క్లుప్తంగా రాసి తెరవెనుక తగిలించేవారు. లోభి ముసలివాడు, మాయలమారి నౌకరు, బడాయి సైనికుడు వంటి స్థిరమైన పాత్రలు. మాటలు నటులవే. పద్దెనిమిదో శతాబ్దంలో వెనిస్ నాటకకర్త కార్లో గోల్దోనీ ఈ పద్ధతిని మార్చి రాసిన సంభాషణను ప్రవేశపెట్టాడు. ఎందుకంటే నటుల ఆశువు అప్పటికే పాచిపోయి, అవే చతుర్లు, అవే దెబ్బలాటలు తిరగేసి బోర్లేసే స్థితికి వచ్చింది. కాని గోల్దోనీ ఆశువును పారవేయలేదు. ‘ఇద్దరు యజమానుల నౌకరు’ను 1740లలో సాకీ అనే నటుని కోసం మొదట సగం ఖాళీలతోనే తయారుచేశాడు. సాకీ ఆ ఖాళీలను తన మాటలతో నింపి ఆడాడు. తర్వాత గోల్దోనీ కూచొని మొత్తం సంభాషణలు రాసి 1753లో అచ్చువేశాడు. ఈనాటికీ ఆ నాటకాన్ని ఆడుతున్నారు. ఆశువులో పుట్టి, రచనలో నిలిచింది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ నాటకం మనదాకా వచ్చేది కాదు.

మనకాలంలో ఈ అభ్యాసాలను శాస్త్రంగా కూర్చినవారిలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. అమెరికాలో వయోలా స్పోలిన్ షికాగో నగరంలోని పేద కుటుంబాల, వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ ఆటల రూపంలో అభినయం నేర్పింది. ఆమె పుస్తకం 1963లో వచ్చింది. రెండవవాడు ఇంగ్లండుకు చెందిన కీత్ జాన్‌స్టన్. అతని అనుభవం మనకు మరింత దగ్గర. ఎందుకంటే అతను మొదట పనిచేసింది రచయితలతో. లండనులోని రాయల్ కోర్టు థియేటరులో 1950ల చివర ఒక రచయితల బృందం నడిచింది. ఆర్నాల్డ్ వెస్కర్, ఎడ్వర్డ్ బాండ్, ఆన్ జెలికో వంటివారు అందులో వున్నారు. అభినయించి చూపగలిగిన దేన్నీ చర్చించకూడదని వారు నియమం పెట్టుకున్నారు. మన సాహిత్య సమావేశాలకు ఈ నియమం ఒక్క నెల పెడితే ఎంతమంది ఉపన్యాసకులు నిరుద్యోగులవుతారో ఊహించుకోవచ్చు!

జాన్‌స్టన్ 1979లో ప్రచురించిన పుస్తకంలో మనకు పనికివచ్చే సూత్రాలు రెండు వున్నాయి. ఒకటి: ఎదుటివాడు ఏమి యిస్తే దాన్ని స్వీకరించి ముందుకు పోవాలి, కాదని తోసివేస్తే సన్నివేశం అక్కడే చస్తుంది. స్వీకరించడమంటే పాత్రలు రాజీపడడమని అర్థంకాదు. పోట్లాడే పాత్రలు కూడా ఒకరి మాట ఒకరు విని పోట్లాడతాయి. రెండోది: కథ చెప్పేవాడు ముందుకు చూసి దారి వెతకనక్కరలేదు, వెనక్కు చూసి, దారిలో తాను వదిలేసిన వస్తువులను తిరిగి కథలోకి తెచ్చుకోవాలి. పల్లెలో కథచెప్పే ముసలమ్మలకు ఈ రెండో సూత్రం ఎవరూ చెప్పకుండానే తెలుసు.

నేను చూసిన ఒక సంఘటన చెబితే ఈ సూత్రాలు తేటపడతాయి. రాయలసీమలో ఒక వూళ్లో రెండురోజుల శిబిరం జరిగింది. శనక్కాయ పెరికే కూలీలు కూలి పెంచమని అడగడం వస్తువుగా యిచ్చారు. మొదట అందరూ కథలు రాశారు. మీసాలూ పిడికిళ్లూ యథాప్రకారం వచ్చాయి. మధ్యాహ్నం అదే వస్తువును ఇద్దరిచేత ఆశువుగా ఆడించారు. కూలిమనిషిగా నిలబడ్డది చిన్నతనంలో తల్లివెంట కూలికిపోయిన ఒక ఉపాధ్యాయురాలు. రైతుగా నిలబడ్డవాడు నాలుగైదెకరాల కుటుంబంలో పుట్టిన కుర్రవాడు. ఆమె వచ్చి నిలబడగానే, అతను మీసం దువ్వుతాడని అందరం ఎదురుచూస్తుంటే, అతను చాలా ఆప్యాయంగా, “ఏం సుబ్బక్కా, కూతురికి కాన్పయిందంటనే?” అన్నాడు. ఆమె ఒక్కక్షణం తడబడి, “అయింది రెడ్డీ, ఆడపిల్ల” అంది. “మంచిదే, లక్ష్మి పుట్టింది. మా ఆవు ఈనింది, జున్నుపాలు వుండాయి, తీసకపో” అని లోపలికి కేకవేశాడు. ఆమె చేతిలో లేని గిన్నె పెట్టాడు. ఆమె ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకొని నిలబడింది. కూలి సంగతి అడగడానికి వచ్చిన మనిషి అడగలేకపోయింది. రెండుసార్లు నోరు తెరిచింది. “ఇంకేమన్నా చెప్పాల్నా అక్కా?” అన్నాడతను. “ఏంలే రెడ్డీ” అని వెనక్కి తిరిగింది.

చూస్తున్నవాళ్లలో ఎవరూ మాట్లాడలేదు. ఆ జున్నుపాల గిన్నె భూసంబంధాల గురించి ఉదయం రాసిన ఇరవై కథలకన్న ఎక్కువ చెప్పింది. పెత్తనం తిట్టుగా మాత్రమే వుండదు, పెట్టుపోతగా కూడా వుంటుంది. తిట్టును ఎదిరించడం సులభం, పెట్టుపోతను ఎదిరించడం కష్టం. ఈ సంగతి అక్కడున్న వాళ్లందరికీ తెలుసు. తెలిసికూడా కలం పట్టుకున్నప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. ఎదుట మనిషి నిలబడి వుంటే గుర్తొచ్చింది. తర్వాత ఆ సన్నివేశాన్ని తీసుకొని ఒకరు రాసిన కథలో, ఖాళీగిన్నె తిరిగివ్వడం మర్యాదకాదు గనుక అందులో ఏమి వేసి యివ్వాలా అని ఆమె ఇల్లంతా వెతుకుతుంది. వదిలేసిన వస్తువును వెనక్కి తేవడమంటే ఇదే. ఆ వెతుకులాటలో ఆమె దారిద్ర్యం ఒక్క విశేషణం లేకుండా బయటపడింది.

ఇంతవరకు చూసి, అయితే ఆశువే పరమౌషధం అని తీర్మానించుకోవడానికి వీల్లేదు. అదే శిబిరంలో ఇంకొక మూడు బృందాలకు తాగివచ్చే భర్త, ఎదురుచూసే భార్య అన్న సందర్భం యిచ్చారు. మూడు బృందాలూ మూడు సినిమా సీన్లు ఆడాయి. టి.వి. సీరియల్లో ఏడ్చినట్టు ఏడ్చారు. తూలడం కూడా సినిమా తూలుడే. ఎందుకిలా జరిగింది? వాళ్లు నిజాయితీగానే నోటికొచ్చింది మాట్లాడారు. నోటికి మొదట వచ్చింది బజారు సరుకు. ఉత్సాహవంతులైన మన మిత్రులు జవాబు చెప్పవలసింది ఇక్కడ.

మనసును అదుపులేకుండా వదిలితే సత్యం తానే పైకి వస్తుందన్న నమ్మకం కొత్తదికాదు. 1919లో పారిస్‌లో ఆంద్రే బ్రెతాన్, ఫిలిప్ సూపో ఇద్దరూ కూచొని ఆలోచన అడ్డురాకుండా వీలైనంత వేగంగా రాసుకుంటూ పోయి ఒక పుస్తకం తయారుచేశారు. అధివాస్తవికులకు అదే తొలి పాఠమైంది. మనభాషలో శ్రీరంగం నారాయణబాబు వంటి కవులను ఆ ఉద్యమం ఆకర్షించింది. యుద్ధం చేసి సర్వనాశనం తెచ్చిన బూర్జువా హేతువాదం మీద వారి తిరుగుబాటును నేను గౌరవిస్తాను. కాని అచేతన మనస్సు సంఘానికి ఆవల వున్న స్వచ్ఛమైన ఊట అనుకోవడం భావవాదం. మన లోపలి మనిషిని కూడా సంఘమే తయారుచేసింది. అడుగున వున్న నీటిలోనూ వూరి మురుగు కలిసే వుంటుంది. మొదట నాలుకమీదికి వచ్చే మాట చాలాసార్లు మన మాట కాదు. మనచేత మాట్లాడిస్తున్న అలవాటు మాట.

కులం విషయంలో ఇది మరీ స్పష్టం. జాన్‌స్టన్ అభ్యాసాలలో హోదా మార్పిడి ఒకటి. ఒక పాత్ర కొంచెం పైకి, ఒక పాత్ర కొంచెం కిందికి జరుగుతూ, ఆ తక్కెడ వూగిసలాటతో సన్నివేశం నడుస్తుంది. లండనులో అది బహుశా హాయిగా నడిచే ఆట. మన దేశంలో తక్కెడ వూగదు, మేకు కొట్టి వుంది. పై కులంలో పుట్టిన కుర్రవాణ్ణి చాకలిమనిషిగా నిలబడమంటే ఏమి చేస్తాడు? నడుము వంచి, గొంతు సన్నంచేసి, చేతులు నలుపుతాడు. చూసేవాళ్లలో కొందరు నవ్వుతారు. అది ఆశువే, నిజమే. కాని అందులో మనకు కనిపించేది చాకలిమనిషి కాదు, ఆ కుర్రవాడి తలలోని చాకలిమనిషి. ఆ దృశ్యాన్ని ఆపి, ఎందుకట్లా వంగావు, ఎవరిని చూశావు, ఎక్కడ చూశావు అని అడిగితే అది గొప్ప పాఠం. అడగకుండా తెచ్చి కథలో పెడితే అది అభ్యుదయం ముసుగులో పాత వెక్కిరింపే. తెలుగు నాటకంలోనూ సినిమాలోనూ నౌకరు పాత్రల హాస్యం చాలాభాగం ఇట్లా నటుల ఆశువులో పుట్టి స్థిరపడిందే అని నా అనుమానం.

కాబట్టి ఎవరు ఆడుతున్నారు అన్న ప్రశ్న శిల్పానికి సంబంధించిన ప్రశ్న కూడా. బ్రెజిల్‌కు చెందిన అగస్తో బోవాల్ చెప్పుకున్న ఒక అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1973లో పెరూలో అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేస్తూ, ప్రేక్షకులు తమ సమస్య చెబితే దాన్ని నటులు ఆడి, ప్రేక్షకులు చెప్పిన పరిష్కారాలను కూడా ఆడి చూపే పద్ధతి నడిపాడు. చదువురాని ఒక స్త్రీకి భర్త కొన్ని కాగితాలిచ్చి, ముఖ్యమైనవి, భద్రంగా దాచమన్నాడు. పొరుగామెచేత చదివిస్తే అవి భర్తకు ఇంకొక స్త్రీ రాసిన ప్రేమలేఖలు. రాత్రికి భర్త వస్తాడు, ఏం చేయాలి? ప్రేక్షకులలో ఒక దొడ్డ మనిషి లేచి, ఆమె భర్తతో చాలా స్పష్టంగా మాట్లాడాలి అంది. నటులు స్పష్టంగా మాట్లాడి చూపారు. అదికాదు, ఇంకా స్పష్టంగా అంది. ఇంకా స్పష్టంగా మాట్లాడారు. ఆమెకు తృప్తి కలగలేదు. చివరకు బోవాల్ ఆమెనే వేదికమీదికి పిలిచాడు. ఆమె వచ్చి చీపురుకట్ట తీసుకొని భర్త పాత్రధారిని చితకబాదింది. బోవాల్ తర్వాత పెంపొందించిన నాటకపద్ధతిలో ప్రేక్షకుడే వేదిక ఎక్కుతాడు. బెంగాల్లో 1985 నుంచి జనసంస్కృతి సంస్థ పల్లెలలో నడుపుతున్నది ఆ పద్ధతినే.

ఈ సంఘటనను నాటక విమర్శకులు ప్రేక్షకుల విముక్తికి ఉదాహరణగా చెబుతారు. నేను దీన్ని మాటకు అర్థం ఎక్కడుంటుందన్న ప్రశ్నకు ఉదాహరణగా చూస్తాను. స్పష్టంగా మాట్లాడడం అన్నది ఆమె నోట ఒక అర్థంతో వుంది, చదువుకున్న నటుల చెవిలో ఇంకొక అర్థంతో పడింది. ఆ మాటను విని ఇంటికిపోయి రాసే రచయిత, ఎంత సానుభూతి వున్నవాడైనా, ఒక దీర్ఘసంభాషణ రాస్తాడు. చీపురుకట్ట అతనికి తట్టదు. జనం మాటలను నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం వేరు, ఆ మాట వెనుక చేతిలో ఏముందో చూడడం వేరు. మాండలికం పేరుతో మనం వేసే అక్షరాల మార్పులు ఎన్నిచోట్ల మొదటి పనితోనే ఆగిపోతున్నాయి!

ఇక రచన సంగతి. ఆశువు తాజాదనాన్ని యిస్తుందని, దిద్దుబాటు దాన్ని చంపేస్తుందని ఒక మాట వినవస్తున్నది. దీనికి మన సాహిత్యమే జవాబు. తెలుగులో అన్నిటికన్న ఆశువుగా పుట్టినట్టు వినిపించే సంభాషణలు కన్యాశుల్కంలో వున్నాయి. గిరీశం అసలు ఆశువిద్యలో ఆరితేరినవాడు. ముందు ఏమీ ఆలోచించుకోడు. ఎదుటివాడు ఏది అందిస్తే దాన్ని పట్టుకొని అక్కడికక్కడ ఒక అబద్ధం, ఒక ఉపన్యాసం, ఒక సిద్ధాంతం అల్లేస్తాడు. వెంకటేశానికి చెప్పే చదువంతా అటువంటిదే. అతను మాట్లాడుతుంటే తర్వాత ఏమంటాడో రచయితకు కూడా తెలియదేమో అనిపిస్తుంది. కాని గురజాడ ఆ నాటకాన్ని ఎట్లా రాశాడు? 1892లో ప్రదర్శన జరిగింది, 1897లో అచ్చయింది, ఆ తర్వాత పూర్తిగా తిరగరాసి 1909లో రెండవ కూర్పు వేశాడు. రెండవ కూర్పు దాదాపు కొత్త నాటకం. పదిహేడేళ్ల శ్రమ తర్వాతగాని గిరీశం నోట ఆ అలవోక మాట పలకలేదన్నమాట. అయితే ఆ పదిహేడేళ్లూ గురజాడ గదిలో కూచొని నగిషీలు చెక్కాడనుకుంటే పొరపాటు. విజయనగరం మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా బేరమాడతారో, ఎట్లా బుకాయిస్తారో, ఎట్లా తప్పించుకుంటారో విన్నాడు. రావిశాస్త్రి విషయంలోనూ నాకిదే తోస్తుంది. ఆయన విశాఖపట్నంలో వకీలు. సాక్షిబోనులో నిలబడ్డ పేదవాడు ఆడేది ప్రాణాంతకమైన ఆశువు. ఒక్క మాట జారితే జైలు. అటువంటి మాట ఏండ్లతరబడి విన్న చెవి సారాకథలలో పనిచేసింది.

ఆ లెక్కన శిబిరాలలో నడుస్తున్న పద్ధతిలో కొన్ని మార్పులు అవసరం. రైతు సమస్య మీద ఆడండి అంటే ఉపన్యాసాలు వస్తాయి. ఒకరికి ఒక కోరిక యివ్వాలి, రెండోవారికి దాన్ని తీర్చలేని కారణం యివ్వాలి, ఒకరి కారణం ఇంకొకరికి చెప్పకూడదు. ఆడిన వెంటనే పాత్రలు తారుమారుచేసి మళ్లీ ఆడించాలి. జున్నుపాలు యిచ్చిన కుర్రవాడు గిన్నె పట్టుకొని నిలబడి చూడాలి. సినిమా మాట దొర్లినప్పుడల్లా నిషిద్ధాక్షరి పృచ్ఛకుడిలాగ ఒకరు ఆ మాటను నిషేధించాలి. తాగుబోతు భర్త సన్నివేశాన్ని ఇట్లా ఆపి ఆపి నాలుగోసారి ఆడించినప్పుడు, ఆ భర్త తూలలేదు. చెప్పులు చేతబట్టుకొని చప్పుడు కాకుండా లోపలికి వచ్చాడు. సెల్‌ఫోనులో అంతా రికార్డు చేసుకొని యథాతథంగా ఎత్తిరాయడం మాత్రం నాకు ఇష్టంలేదు. ఆశువులో ముప్పాతికపాలు పొల్లు వుంటుంది. మర్నాటికి గుర్తున్నదేదో అదే రాయదగినది.

ఇక మన సంఘం పట్టించుకోవలసిన సంగతి ఒకటి మిగిలింది. జున్నుపాల కథ తర్వాత ఒక పత్రికలో అచ్చయింది. బాగా రాశారు, గిన్నె వెతుకులాట పూర్తిగా ఆ రచయిత ప్రతిభే. కాని జున్నుపాలు ఆ రచయితవి కావు. “ఏంలే రెడ్డీ” అన్న మాట అంతకన్నా కాదు; అది ఆ ఉపాధ్యాయురాలిది, బహుశా ఆమె తల్లిది. కథకింద పేరు ఒక్కటే వుంది. ఆమెను అడిగితే, నేను రాయలేదుగదా అని నవ్వేసింది. 1947లో ‘మా భూమి’ నాటకం సుంకర, వాసిరెడ్డి ఇద్దరి పేర్లతోనూ వచ్చింది. తిరుపతి వెంకటకవులైతే ఏ పద్యం ఎవరిదో వేరుచేసి చెప్పకుండా, ఒకరు పోయిన తర్వాత కూడా జంటపేరుతోనే ప్రచురించారు. ఆశువునుంచి కథలు రాసే పద్ధతిని శిబిరాలలో కొనసాగించదలిస్తే, ఆడినవారి పేర్లు కథకు ఎట్లా చేర్చాలి, పారితోషికం వస్తే ఎట్లా పంచుకోవాలి అన్నది వచ్చే శిబిరానికి ముందే సంఘం కార్యవర్గం కూచొని తేల్చాలని నా ప్రతిపాదన.